చిలుం కొట్టిన నీళ్ళు

రాగి సీసా ఖాళీగా ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి కావలసిన సాక్ష్యం అదే. నిండా నీళ్ళతో ఆస్పత్రికి వచ్చిన సీసా మనిషి పోయిన గంటకల్లా చుక్క లేకుండా అయిందంటే ఎవరో పారబోశారన్నమాట. సీసా అక్కది. చనిపోయింది చెల్లెలు, కాన్పు గదిలో, నిన్న పొద్దున. ప్రాణం పోయేముందు ఆ చెల్లెలు "అక్కా, నీళ్ళు చిలుం కొడుతున్నాయే" అంది. ఆ మాట నర్సు విన్నది, ఆయా విన్నది, విన్నామని ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఇంక సాయంత్రం నాలుగింటికి అక్కని జీపెక్కించడమే తరువాయి.

గడియారం ఆస్పత్రి మెట్లెక్కేసరికి రెండూ ఇరవై. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గాని దాంతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సాక్షి నోరు విప్పగానే "ఎన్ని గంటలకి?" అని అడ్డం పడేవాడు. అలా అంటుకున్న పేరు ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాక కూడా వదల్లేదు. అతనూ వదిలించుకోవాలనుకోలేదు.

పిలిపించింది చనిపోయినామె భర్త. బస్సు డ్రైవరు. ఒంటిగంటకి గడియారం ఇంటికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పాడు. తన భార్యని చిన్నప్పటినుంచి చంకనెత్తుకుని పెంచింది వదినే. వదినకి పిల్లల్లేరు, పుట్టబోయే బిడ్డ కోసం కక్కుర్తి పడిందని పోలీసులంటున్నారు. పుట్టిన పిల్ల ఒక్కరోజుది. వదిన ఒళ్ళో పడుకోబెట్టుకుంటే తప్ప పాలు తాగడం లేదు. అంతవరకూ గొంతు నిలబెట్టుకుని చెప్పినవాడు ఆఖర్న నీరుగారిపోయాడు.

"పెళ్ళాం ఎలాగూ పోయింది సార్. వదిన్ని కూడా తీసుకెళ్ళిపోతే ఆ పసిగుడ్డుని నేనేం చేసుకోను?"

గడియారం చేతిలో ఉన్నది గంటా నలభై నిమిషాలు.

అక్కని కింది అంతస్తులో దుప్పట్లు పెట్టుకునే గదిలో కూర్చోబెట్టారు. గుమ్మంలో కానిస్టేబులు. ఆమె స్కూలు పిల్లల బట్టలు కుట్టే మనిషి. చేతులు ఊరికే ఉండలేక, ఉతికి పడేసిన దుప్పట్లని అంచుకి అంచు కలిపి మడతలు పెడుతోంది. గది సగం సర్దేసింది కూడా. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది గాని మడతలు మాత్రం గీత గీసినట్టున్నాయి.

గడియారం ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, మొదటినుంచి చెప్పమ్మా అన్నాడు. ఆమె చెప్పింది. నొప్పులు భరించలేకపోతోందని తొమ్మిదీ యాభైకి మత్తు డాక్టరమ్మ వచ్చి చెల్లెలి వెన్నులోకి సన్నటి గొట్టం పెట్టింది. ఎపిడ్యూరల్ అన్నారు. అయిదు నిమిషాలకి అందులోంచి మందు ఇచ్చింది. ఇంకో పదిహేను నిమిషాలకి చెల్లెలి మొహం తేటపడింది. నవ్వింది కూడా.

"ఏమని నవ్వింది?"

"'అక్కా, నా కాళ్ళు ఎవరో అరువు పట్టుకుపోయారే, కాస్త చూసిరా' అంది. ఎత్తబోతే దుంగల్లా పడున్నాయి. మందు బాగా పట్టిందిలే అనుకున్నాను."

"ఎన్ని గంటలకి?"

"పదీ పది. మంచం ఎదురుగా గోడకి గడియారం ఉంది."

గడియారం దాన్ని నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీశాడు. ఎందుకు గీశాడో అప్పటికి అతనికీ తెలియదు.

పదీ ముప్పై అయిదుకి డాక్టరమ్మ మళ్ళీ వచ్చి రెండోసారి మందిచ్చి, ఆపరేషనుందని కిందికి వెళ్ళింది. పదీ నలభై ఆరుకి చెల్లెలు దాహమంటే అక్క సీసా మూత తీసి నోటికందించింది. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి చిలుం కొడుతున్నాయంది. నర్సు వరండా చివర చల్లటి నీళ్ళ మిషను ఉంది, వేరే నీళ్ళు పట్టుకురమ్మంది. గ్లాసు నింపుకుని వచ్చేసరికి గదినిండా జనం. తలుపు దగ్గరే ఆపేశారు. లోపల మంచం టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. మూర్ఛ అన్నారు. గుండె ఆగిందన్నారు. పదీ యాభై ఎనిమిదికి పిల్ల ఏడుపు వినిపించింది, అక్కడే మంచం మీదే కోసి తీశారట. తల్లిని మాత్రం పదకొండూ యాభై రెండు వరకు తంటాలుపడి వదిలేశారు.

"నేను నీళ్ళకోసం పోయాను" అంది అక్క. "అదే ఆఖరు అని తెలిస్తే పోదునా?"

గడియారం అడగాల్సింది అడిగాడు.

"సీసాలో మిగిలిన నీళ్ళు ఎక్కడ పారబోశావు తల్లీ?"

ఆమె చేతిలో దుప్పటి ఆగిపోయింది. కానిస్టేబులు వినకుండా గొంతు తగ్గించి చెప్పింది.

"పారబొయ్యలేదు. తాగేశాను."

గడియారం స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆస్పత్రివాళ్ళు నీళ్ళలో ఏదో ఉండుంటుందన్నారు. నా చేత్తో పట్టిన నీళ్ళు. ఉంటే నాకూ రానీ అని మెట్లకింద కూర్చుని సీసా మొత్తం తాగాను. ఏమీ రాలేదు."

"ఇన్‌స్పెక్టర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"అది కన్న పిల్లని వదిలేసి చావబోయానని ఏ మొహం పెట్టుకుని చెప్పను సార్?"

గడియారం మెల్లగా అడిగాడు.

"నీళ్ళెలా ఉన్నాయి?"

"ఎలా ఉండటమేంటి?"

"చిలుం కొట్టాయా?"

ఆమె అతనికేసి చూసింది. ఆ ప్రశ్న నిన్నటినుంచి ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనకి తాను వేసుకోలేదు. "లేదు" అంది నెమ్మదిగా. "మామూలు నీళ్ళే. ముందురోజే లోపలా బయటా తోమాను. మరి అదెందుకు అలా అంది?"

ఆ ప్రశ్న జేబులో వేసుకుని గడియారం రెండో అంతస్తుకి మెట్లెక్కాడు. మధ్యలో ఒక మెట్టు మీద ఆగాల్సొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట ఒక సాయంత్రం అతని భార్య గుండెల్లో మంటగా ఉందంటే, అరగలేదేమోనని మాత్ర చేతికిచ్చి పేపరు చదువుకున్నాడు. మనుషులు చెప్పేది ఒకటి, మనం వినేది ఒకటి. ఆ సంగతి తెలుసుకోవడానికి అతను చెల్లించినంత ఇంకెవరూ చెల్లించకూడదని అతని కోరిక, కాని కోరికలకి లోకం ఆగదు.

కాన్పు వార్డులో రెండో నంబరు గదికి సీలు వేసి, తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. డిపార్టుమెంటులో అతనికి మెరుపు అని పేరు. ఒకప్పుడు గడియారం కిందే పనిచేశాడు. ఏ కేసయినా రోజులో తేల్చేస్తాడు. ఎటు తేలిందన్నది తర్వాతి సంగతి.

"గురువుగారు వచ్చారేంటి" అన్నాడు మెరుపు. "టైము చెప్పడానికా?"

"నీకు టైము చెప్పి ప్రయోజనమేముందయ్యా. నువ్వెప్పుడూ ముందే వెళ్ళిపోతావు."

మెరుపు నవ్వాడు గాని తలుపు వదల్లేదు. బస్సు డ్రైవరు రాసిచ్చిన కాగితం చూపిస్తే, అయిదు నిమిషాలు, ఏదీ ముట్టుకోకూడదు అని లోపలికి పంపాడు. రెండూ యాభై అయిదు.

గది శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉండటమే బాధగా ఉంది. మంచం మీద కొత్త దుప్పటి. మూల వాడేసిన సూదులు, మందు సీసాలు పడేసే పసుపు ప్లాస్టిక్ డబ్బా, దాని మూతకి లక్క. ఎదురుగా గోడగడియారం, దానికింద అట్ట మీద అచ్చువేసిన పటం. వెన్నుమందు ఇచ్చాక రోగిని అడగవలసిన ప్రశ్నలట. గడియారం కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "కర్ణములందు ధ్వని వినబడుచున్నదా? పెదవుల పరిసరములందు స్పర్శ లోపించినదా? లోహపు రుచి తెలియుచున్నదా?" దీన్ని తెలుగు చేసిన మహానుభావుడు ఏనాడూ రోగితో మాట్లాడిన పాపాన పోయుండడు.

నిన్న ఆ ప్రశ్నలు అడిగింది నర్సుపిల్ల. గడియారం ఆమెని వరండాలో పట్టుకున్నాడు. పదీ నలభైకి పటం చూసి అన్నీ అడిగానని, అన్నిటికీ లేదు అని రాసుకున్నానని ఆమె గడగడా ఒప్పజెప్పింది.

"మూడోది ఎలా అడిగావమ్మా?"

"పటంలో ఉన్నట్టే. లోహపు రుచి తెలుస్తోందా అని."

"ఆవిడేమంది?"

నర్సు కళ్ళు దించుకుంది. "'అంత చదువు నాకు లేదు సిస్టర్' అని నవ్విందండీ. సరే, లేదనుకుని టిక్కు పెట్టాను."

"ఆరు నిమిషాలకి నీళ్ళు చిలుం కొడుతున్నాయంది."

"అవునండీ. రాగి సీసా కదా, అందుకే అనుకున్నాను."

ఆమె తప్పు పట్టాలంటే పట్టొచ్చు. గడియారం పట్టలేదు. మత్తు డాక్టరమ్మ ఎక్కడుందని మాత్రం అడిగాడు.

మత్తు డాక్టరమ్మని విచారణ పూర్తయ్యేదాకా రోగుల దగ్గరికి వెళ్ళొద్దన్నారు. ఇంటికి పోలేక, పనీ చేయలేక, వార్డు చివర సామాను గదిలో ఒక డబ్బా మీద కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. భుజానికి గుడ్డ సంచి, సంచిలో పాలలా తెల్లటి మందు తిత్తులు రెండు. ఒంట్లో మత్తుమందు విషమైతే విరుగుడు ఆ కొవ్వు మందేనట. నిన్న మూర్ఛ చూడగానే గుర్తుపట్టి అదే అడిగింది. కాని అది కింది అంతస్తులో ఆపరేషన్ గది బీరువాలో ఉంది, బీరువాకి తాళం ఉంది, తాళంచెవి ఉన్న మనిషి టిఫినుకి వెళ్ళింది. మందు పైకొచ్చేసరికి పదకొండూ పదకొండు.

"అప్పటినుంచి దీన్ని నేనే మోస్తున్నాను" అంది. "ఇప్పుడు మోసి ఏం లాభం చెప్పండి."

గడియారం సానుభూతి చెప్పలేదు. చెబితే ఆమె ఏడుస్తుంది, ఏడిస్తే టైము పోతుంది. మూడూ అయిదు.

"మందు పొరపాటున రక్తనాళంలోకి పోయుంటుందా?"

"నేనూ అదే అనుకుంటూ రాత్రంతా చచ్చాను. కాని సిరంజి వెనక్కి లాగి చూశాను, రక్తం రాలేదు. ముందు కాస్త ఇచ్చి ఆగి చూశాను. రక్తనాళంలోకే పోతే ఒకటి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మూర్ఛ వచ్చింది పదహారు నిమిషాలకి."

"మోతాదు ఎక్కువైతే?"

"అప్పుడు మెల్లమెల్లగా రక్తంలోకి ఎక్కుతుంది. పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. కాని నేనిచ్చింది పచ్చమూత. కాన్పుల కోసం పలచన చేసి పంపే మందు. దాంతో అంత జరగదు."

"మూర్ఛకి ముందు మనిషికి ఏం తెలుస్తుంది?"

"చెవుల్లో హోరు. నాలిక తిమ్మిరి. నోట్లో లోహపు రుచి."

"లోహపు రుచి అంటే?"

"అంటే... రాగో ఇత్తడో నోట్లో పెట్టుకున్నట్టు."

"దాన్ని మీ ఇంట్లో ఏమంటారు డాక్టరమ్మా?"

ఆమె చెప్పబోయి ఆగింది. పెదవులు మాత్రం కదిలాయి. "చిలుం" అంది, తనకే వినబడనంత మెల్లగా.

పదీ నలభై ఆరుకి ఆ చెల్లెలు అదే మాట అన్నదని గడియారం చెప్పాడు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. పోలీసులు అడిగింది విషం గురించి, ఆమె ఆలోచించింది సూది గురించి, మధ్యలో ఆ మాట ఎవరి చెవికీ అందకుండా జారిపోయింది. డాక్టరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. అయిదు నిమిషాలు, అంది. అప్పుడే ఎవరైనా నన్ను పిలిచుంటే అయిదు నిమిషాలు చేతిలో ఉండేవి.

"ఇంకొక్క మాట" అన్నాడు గడియారం, నోటుబుక్కులో గీత గీసిన చోట వేలు పెట్టి. "పలచన మందుకి కాళ్ళు కదలకుండా పోతాయా?"

"పోవు. కాళ్ళాడించుకోగలగాలనే కదా పలచన చేసేది."

"పదీ పదికల్లా ఆవిడ కాళ్ళు దుంగలైపోయాయి. ఎవరో అరువు పట్టుకుపోయారని అక్కతో నవ్వుతూ చెప్పింది."

డాక్టరమ్మ చేతులు కిందికి దిగాయి. లేచి నిలబడి, రెండో గదిలో పసుపు డబ్బా చూడాలంది.

మెరుపు చూడనివ్వలేదు. లక్క వేసిన సాక్ష్యం, తెరిస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. అసలు డాక్టరమ్మ కూడా అనుమానితురాలే, ఆమెని వెంటేసుకుని సీలు విప్పమంటున్నారు, గురువుగారికి వయసు మీదపడిందన్నాడు. ఆమాట కాస్త గట్టిగానే అన్నాడు. వరండాలో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. మూడూ ఇరవై అయింది. అప్పటికే కానిస్టేబులు అక్కని పైకి తీసుకొచ్చి, జీపెక్కించే ముందు సంతకాల కోసం వరండా బల్ల మీద కూర్చోబెట్టాడు.

గడియారం గొంతు పెంచలేదు.

"నీ లెక్క ప్రకారం విషం ఎక్కడుంది?"

"నీళ్ళలో. అందుకే పారబోసింది."

"ఆ నీళ్ళు తాగిన మనిషి అదిగో, బల్ల మీద కూర్చుంది. నిన్న మధ్యాహ్నం సీసా ఎత్తి మొత్తం తాగింది. చెల్లెలితో పాటు పోదామని."

గడియారం తన వాచీ అతని ముందు పెట్టాడు.

"ఇరవై ఏడు గంటలైంది. పొద్దుట్నుంచి మూడొందల దుప్పట్లు మడతపెట్టింది. నీ విషం ఏ ఊళ్ళో ఆగిపోయిందయ్యా?"

మెరుపు బల్లవైపు చూశాడు. అక్క తల వంచుకుని చీర చెంగుని మడతలు పెడుతోంది. అతను తొందరమనిషే గాని చెడ్డవాడు కాదు. లోపలికెళ్ళి తనే లక్క పగలగొట్టి, తెల్లగుడ్డ పరిచి డబ్బా బోర్లించాడు.

రెండు చిన్న గాజు సీసాలు. రెండింటికీ ఆకుపచ్చ మూతల అంచులు. డాక్టరమ్మ తొడుగులేసుకుని ఒకటి తీసి, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి నడిచింది. చీటీ మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది ఆపరేషన్ల మందు" అంది. "కాన్పు మందుకి అయిదు రెట్లు చిక్కన. రెండు సీసాలూ ఇదే."

వార్డు హెడ్‌నర్సు గుమ్మంలోంచి విని లోపలికొచ్చింది. పచ్చమూత పలచన మందుకి కదమ్మా వస్తుంది, అంది. ఏళ్ళ తరబడి ఆ వార్డులో మందు పేరు ఎవరూ పలకరు. డాక్టరు పచ్చమూత ఇవ్వమంటుంది, నర్సు పచ్చమూత అందిస్తుంది. మొన్న సాయంత్రం కొత్త పెట్టెలొచ్చాయి. మూతల రంగులు మార్చామని లోపల ఒక చీటీ కూడా పెట్టారట. ఆ చీటీ హెడ్‌నర్సు బల్ల సొరుగులో మడత విప్పకుండా ఉంది.

"నేను మూత చూశాను" అంది డాక్టరమ్మ. "సీసా మీది చీటీ చదవలేదు." ఆమె ఏడవలేదు. ఆ రెండు మాటలూ ఎవరో తన చేత రాయించుకుంటున్నట్టు విడివిడిగా చెప్పింది.

గడియారం కేసు తేలిపోయిందనుకున్నాడు. అతని వాచీలో మూడూ ఇరవై ఏడు. అప్పుడే వరండాలో మూడో నంబరు గది తలుపు తెరుచుకుంది. ఒక పెద్దావిడ ప్లాస్టిక్ జగ్గు పట్టుకుని బయటికొచ్చి, ఎదురొచ్చిన నర్సుపిల్లని ఆపింది.

"ఈ నీళ్ళు కాస్త మార్చిపెట్టమ్మా. మా కోడలు చిలుం కొడుతున్నాయంటోంది."

నర్సుపిల్ల అలవాటుగా వరండా చివరికి చెయ్యి చూపించబోయింది. ఆ చెయ్యి పైకి లేవకముందే అక్క బల్ల మీంచి లేచింది. కానిస్టేబులు పట్టుకోబోతే విదిలించుకుని ఆ పెద్దావిడకి అడ్డంగా నిలబడింది.

"నీళ్ళు కాదు. నీళ్ళు బాగానే ఉంటాయి" అంది. "మా చెల్లెలూ ఇదే మాటంది. డాక్టరమ్మా, ఇక్కడ ఇంకొకావిడ అదే మాటంటోంది."

మెరుపు సీలు వేసింది రెండో గదికి. మందుల బీరువాకి కాదు. విషం సీసాలో ఉందనుకున్నవాడికి బీరువాతో పనేముంది? అదే పెట్టెలోంచి అదే పచ్చమూత మధ్యాహ్నం మూడో గదికి వెళ్ళింది. పెద్ద మత్తు డాక్టరు రెండున్నరకి ఒకటి, నొప్పి లేకపోయినా ముప్పావుగంటకొకటి ఇవ్వడం వార్డు పద్ధతి కాబట్టి మూడుంబావుకి ఇంకొకటి ఇచ్చి ఆపరేషనుకి దిగిపోయాడు.

డాక్టరమ్మకి తను రోగుల్ని ముట్టుకోకూడదన్న సంగతి గుర్తులేదు. గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు. లోపలికెళ్తూనే వెన్ను గొట్టంలోకి ఇంకేమీ పోనివ్వొద్దని కట్టేసింది. "చెవుల్లో హోరుందా తల్లీ? నాలిక మొద్దుబారిందా?" అనడిగితే మంచం మీది అమ్మాయి తలూపింది; మాట ముద్దముద్దగా వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా ఒంటిని ఎడమవైపు వాల్చారు. నడుం కింద పెట్టడానికి దుప్పటి కావాలంటే అక్కే మడతపెట్టి అందించింది. కోతకి సామాను సిద్ధం చేయమని, పెద్దవాళ్ళని పిలవమని డాక్టరమ్మ చెబుతూనే చేతికి ఉన్న సూదిలోంచి మందు ఎక్కుతుందో లేదో చూసుకుంది.

మూడూ ముప్పై ఒకటికి పెదవి అదిరింది. తర్వాత చెయ్యి. తర్వాత మంచం టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. తలుపు దగ్గర అక్క గోడ పట్టుకుని కళ్ళు మూసుకుంది గాని అక్కణ్ణించి కదల్లేదు.

"బరువెంత?"

"అరవై ఆరు" అంది నర్సుపిల్ల.

"వంద ఎక్కించు. మూర్ఛకి మందు, కొంచెమే."

భుజాన మోసిన సంచిలోంచి తెల్లటి మందు తీయడానికి తాళంచెవి అక్కర్లేకపోయింది. వంద మిల్లీలీటర్లు రెండు నిమిషాల్లో లోపలికి పోయాయి, మిగిలింది చుక్కచుక్కగా పెట్టారు. తెర మీద గుండె గీత మెలికలు తిరిగింది, సాగింది, ఒకచోట ఆగిపోతుందనిపించింది. డాక్టరమ్మ అరచేతులు ఆ అమ్మాయి ఛాతీ మీద సిద్ధంగా ఉంచింది. నొక్కాల్సిన అవసరం రాలేదు. మూడూ ముప్పై తొమ్మిదికి గీత దారికొచ్చింది. కడుపులో బిడ్డ గుండె చప్పుడు మిషన్లోంచి గదినిండా వినబడుతూనే ఉంది. నలభై నాలుగుకి ఆ అమ్మాయి కళ్ళు తెరిచి, ఏమైందత్తయ్యా అంది.

అత్తగారు జగ్గు పట్టుకునే ఏడ్చింది. డాక్టరమ్మ వరండాలోకొచ్చి గోడకి ఆనుకుంది. అక్క ఆమె ఎదురుగా నిలబడింది. నిన్నటి నుంచి ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి.

"ఈ అమ్మాయికి ఆ మాట అన్నాక మూర్ఛ రావడానికి ఎంతసేపు పట్టింది?" అనడిగింది అక్క.

డాక్టరమ్మ గడియారం వైపు చూసింది. "నాలుగు నిమిషాలు" అన్నాడతను.

"మా చెల్లెలు అయిదు నిమిషాల ముందే చెప్పింది."

డాక్టరమ్మ ఆమె చేతులు పట్టుకోబోయి, పట్టుకునే అర్హత ఉందో లేదో తెలియక ఆగిపోయింది. అక్క ఆ చేతుల్ని తోసెయ్యలేదు, అందుకోనూ లేదు.

మెరుపు మెట్లు దిగి జీపులోంచి రాగి సీసా తెచ్చి, కవరు చింపి, బల్ల మీద పెట్టాడు. క్షమించమని అడగడం అతనికి చేతకాదు. నాలుగింటికి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మాత్రం మడిచి జేబులో కుక్కుకున్నాడు. పిల్లకి పాల వేళయింది వెళ్ళమ్మా, అన్నాడు నేలకేసి చూస్తూ.

హెడ్‌నర్సు బీరువాలో మిగిలిన పచ్చమూతలన్నీ తీసి తొట్టిలో వేస్తోంది. పెట్టె అడుగున అంటించిన కాగితం చదివి, చదివినచోటే కూలబడింది.

"ఇవి మనకొక్కళ్ళకే రాలేదండీ. మొన్న ఒకే లారీలో పదకొండు ఆస్పత్రులకి దింపారు. అన్నిట్లోనూ కాన్పులవుతూ ఉంటాయి. అన్నిట్లోనూ పచ్చమూత అనే అంటాం."

గడియారం వాచీ చూసుకున్నాడు. మూడూ యాభై రెండు. ఈ క్షణాన పదకొండు చోట్ల ఎంతమంది ఆడవాళ్ళు నోరు చిట్లించి పక్కవాళ్ళని వేరే నీళ్ళు అడుగుతున్నారో ఏ వాచీ చెప్పదు.

"జీవితమంతా నీ తొందర చూసి తిట్టాను" అన్నాడు మెరుపుతో. "ఇప్పుడు తొందరపడవయ్యా."

మెరుపు అప్పటికే వార్డు ఫోను అందుకున్నాడు. పేరు చెప్పి, హోదా చెప్పి, పచ్చమూత మందు ఉన్నచోటే ఆపెయ్యమన్నాడు. అవతలివాళ్ళు ఏదో అడిగారు. ఫోను పక్క గోడకి కూడా అతికించిన అదే ప్రశ్నల పటం వైపు తలతిప్పి దాన్నే చదవడం మొదలెట్టాడు. "మందు ఇప్పటికే ఇచ్చుంటే రోగిని అడగండి, లోహపు రుచి తెలియు—"

మెట్లవైపు రెండడుగులు వేసిన అక్క వెనక్కి వచ్చింది. సీసా చంకలో పెట్టుకుని, ఫోను పట్టుకున్న ఆ చేతిమీద చెయ్యి వేసింది.

"అలా అడిగితే లేదంటారు సార్" అంది. "నీళ్ళు చిలుం కొడుతున్నాయా అని అడగమనండి."